బస్తాకు ముద్ర ఉంది... అమ్మేవారికో?

మా నారాయణఖేడ్‌లో పత్తి చేనుకు పురుగుల మందు అమ్మాలంటే చదువు ఉండాలి. ఇంటికి సిమెంటు అమ్మాలంటే మాటకారితనం చాలు. నిష్ఠూరానికి అనడం లేదు, ఉన్న సంగతే!

విత్తనాలు, ఎరువులు, మందుల దుకాణదారుల కోసం హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని 'మేనేజ్' సంస్థ 2003లో 'దేశి' అనే ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. వ్యాపారం మానుకోకుండా వారానికో రోజు తరగతి, మధ్యమధ్య పొలాలకు వెళ్లి చూడటం, ఆపైన పరీక్ష. రైతు ముందుగా సలహా అడిగేది దుకాణదారునే కదా, అందుకని.

మరి ఇల్లు కట్టుకునేవాళ్లు ముందుగా అడిగేది ఎవరిని? సిమెంటు దుకాణం సేటును, కంపెనీ తరఫున తిరిగే అబ్బాయిని. అమెరికాలో 1948లో ఏర్పడిన కన్‌స్ట్రక్షన్ స్పెసిఫికేషన్స్ ఇన్‌స్టిట్యూట్ ఇలాంటి ప్రతినిధుల కోసమే ఒక పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి తెచ్చింది. తన సరుకును పొగడటం వస్తే చాలదు. నక్షలు, నిర్మాణ ఒప్పందపు కాగితాలు కూడా చదవడం రావాలి. అక్కడా అది తప్పనిసరి కాదులెండి, ఇష్టమైతేనే.

మన దగ్గర ముద్ర సరుకుకే. సిమెంటుకు, సలాకలకు ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండి తీరాలి. గుర్తు కింద ఉండే లైసెన్సు నంబరు అసలుదో కాదో 'బి.ఐ.ఎస్. కేర్' యాప్‌లో మనమే చూసుకోవచ్చు. బస్తా మీద తయారైన వారం, సంవత్సరం కూడా ఉంటాయి. మూడు నెలలు దాటిందా, మళ్లీ పరీక్ష చేయించనిదే వాడకూడదు.

అయితే ముద్ర చెప్పని సంగతులు కొన్ని ఉంటాయి. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడుపోయే పి.పి.సి. రకంలో విద్యుత్ కేంద్రాల బూడిద కలుస్తుంది. మంచి సిమెంటే, కాకపోతే మెల్లగా గట్టిపడుతుంది. మామూలు ఓ.పి.సి.కి కనీసం ఏడు రోజులు నీళ్లు పట్టాలంటే దీనికి పది రోజులైనా పట్టాలి. ఎండాకాలం రెండు వారాలైతే ఇంకా మేలు. ఈ మాట అమ్మేవాళ్ల నోట రావాలి. 'కళ్లు మూసుకుని వాడండక్కా, కొండలా నిలబడుతుంది' అంటారే తప్ప నీళ్ల ఊసెత్తరు! మేస్త్రీ వారానికే పైపు చుట్టేసి ఇంకో పనికి పోతాడు.

ఇందిరమ్మ ఇళ్ల పథకంలో ఇల్లు ఆడవాళ్ల పేరునే మంజూరవుతోంది, అయిదు లక్షల సాయం. పేరు మనది, బేరం మాత్రం మగవాళ్లది. టీ ఇచ్చి లోపలికి వెళ్లిపోతాం.

మొన్న మా పక్కింటావిడ అలా వెళ్లకుండా అక్కడే కూర్చుంది. "ఇది ఓ.పి.సి.నా, పి.పి.సి.నా? ఎన్ని రోజులు నీళ్లు పట్టాలి బాబూ?" అని అడిగింది. ఆ అబ్బాయి ఒక్క క్షణం ఆవిడ భర్త వైపు చూశాడు. తర్వాత ఫోన్ తీసి తమ ఇంజినీరుకు కలిపాడు.