ఏసీ హాల్లో ఉక్కపోత ఎందుకు?

పెళ్లికో, సీమంతానికో ఏసీ ఫంక్షన్ హాలుకి వెళ్తారు. స్టేజీ దగ్గర కూర్చున్న పెద్దావిడ చలికి తట్టుకోలేక పైట భుజాల నిండా కప్పుకుంటుంది. వెనక వరుసలో పట్టుచీర కట్టుకున్నావిడేమో శుభలేఖతో విసురుకుంటూ ఉంటుంది. 'ఏసీ పెంచండి బాబూ' అని వెనకవాళ్లు, 'తగ్గించండి' అని ముందువాళ్లు! హాలు ఒక్కటే కదా, మరి ఈ తేడా ఎందుకంటారు?

చాలాసార్లు లోపం ఏసీలో ఉండదు, వడ్డనలో ఉంటుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఒకటేనని పెద్దలు ఊరికే అనలేదు. గుండిగ నిండా సాంబారున్నా మొదటి వరుసలోనే గుమ్మరించేస్తే చివరి విస్తళ్లకి మిగిలేదేముంది? చల్లగాలి సంగతీ అంతే.

పెద్ద భవనాల్లో గాలిని ఒకచోట చల్లబరిచి, ఫ్యానుతో రేకు గొట్టాల్లోకి తోస్తారు. వీటినే డక్టులంటారు. సీలింగులో కనిపించే గ్రిల్స్ వాటి మూతులన్నమాట. గాలి ఎప్పుడూ సులువైన దారే వెతుక్కుంటుంది. అందుకే ఫ్యానుకి దగ్గరున్న గ్రిల్ నుంచి ఎక్కువా, దూరంగా ఉన్నదాన్నుంచి తక్కువా వస్తుంది. కింద వాటాలో కొళాయి తిప్పగానే మేడమీద ధార సన్నబడటం మీకు తెలిసిందేగా!

ఒక చిన్న లెక్క చూద్దాం. నాలుగు గ్రిల్స్‌లో ఒక్కోదానికి నిమిషానికి 400 ఘనపుటడుగుల గాలి రావాలనుకోండి. కొలిస్తే 520, 460, 360, 260 వచ్చాయి. కూడితే 1600, సరిగ్గా కావలసినంతే! అయినా చివరి మూల ఉక్కపోతే. అప్పుడు టెంపరేచర్ ఇంకా తగ్గిస్తే ముందువాళ్లు గడగడ వణుకుతారు, కరెంటు బిల్లు పెరుగుతుంది, వెనకవాళ్ల చెమట మాత్రం ఆరదు.

దీన్ని సరిచేసే పనినే టెస్టింగ్ అండ్ బ్యాలెన్సింగ్ అంటారు. అమెరికాలో దీనికోసమే 1965లో ఒకటి, 1971లో మరొకటి సంఘాలు పుట్టాయి. అక్కడ చలికాలంలో వెచ్చగాలికి కూడా ఇదే పద్ధతి.

పని ఎలా చేస్తారంటే, ముందు ఫిల్టర్లు శుభ్రంగా ఉన్నాయో లేదో చూస్తారు. తర్వాత గుడ్డతో కుట్టిన గొడుగులాంటి ఫ్లో హుడ్‌ని ప్రతి గ్రిల్‌కీ ఆనించి గాలి కొలుస్తారు. అన్నిటికన్నా తక్కువ వాటా అందుతున్న గ్రిల్ దారిని పూర్తిగా తెరిచి ఉంచి, మిగతావాటి డక్టుల్లో ఉండే డ్యాంపర్లనే రేకు తలుపుల్ని కొద్దికొద్దిగా మూస్తారు. అన్నిటికీ ఒకే నిష్పత్తిలో అందాక ఫ్యాను వేగం సరిచేస్తారు. అనుకున్నదానికి 10 శాతం అటూ ఇటూ ఉంటే సాధారణంగా సరేనంటారు. గాలి అవసరానికి మించి వస్తుంటే ఫ్యాను వేగం 20 శాతం తగ్గించినా చాలు, అది తినే కరెంటు దాదాపు సగమవుతుంది.

ఇది సుఖం కోసం మాత్రమే అనుకోకండి. 2020 జనవరిలో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒక రెస్టారెంటులో పక్కపక్క బల్లల దగ్గర భోంచేసిన మూడు కుటుంబాల్లో పదిమందికి కరోనా వచ్చింది. అక్కడ ఎగ్జాస్టు ఫ్యాన్లు ఆపేసి ఉన్నాయనీ, బయటి గాలి లోపలికి రాక ఏసీ ఉన్న గాలినే తిప్పుతూ పోయిందనీ తర్వాత పరిశోధకులు తేల్చారు. చల్లగా ఉన్నంత మాత్రాన అది మంచి గాలి కాదన్నమాట! ఆసుపత్రిలోనూ అంతే. ఆపరేషన్ థియేటర్లో గాలి లోపల్నుంచి బయటికి తోసుకురావాలి. గాలి ద్వారా అంటుకునే జబ్బులవాళ్ల గదిలోదేమో బయటికి రాకూడదు. ఈ తూకం తప్పితే ప్రమాదమే.

మరి మనం ఏం చూడాలి?

* హాలు బుక్ చేసేముందు ఏసీ వేయించి, నాలుగు మూలలా ఓ పది నిముషాల చొప్పున కూర్చోండి.
* సన్నటి కాగితం ముక్కని కర్రకి కట్టి గ్రిల్ దగ్గర పట్టించండి. ఒకచోట రెపరెపలాడి, మరోచోట కదలకపోతే వడ్డన సరిగా లేదనే.
* గాలి వెనక్కి వెళ్లే గ్రిల్స్‌కి పూల డెకరేషన్, తెరలు అడ్డం పెట్టనివ్వకండి.
* హోటల్లో వంటింటి పోపు ఘాటు భోజనాల గదిలోకి కొడుతుంటే ఎగ్జాస్టు చాలడం లేదని అర్థం. మేనేజరుకి చెప్పండి.
* 'ఎన్ని టన్నుల ఏసీ?' అని అడిగి ఊరుకోకండి. 'బయటి గాలి వస్తుందా? బ్యాలెన్సింగ్ ఎప్పుడు చేయించారు?' అని కూడా అడగండి. కొత్తగా పార్టిషన్లు కట్టినా, ఫాల్స్ సీలింగ్ మార్చినా మళ్లీ కొలిపించాల్సిందే.

వేలకు వేలు అడ్వాన్సు ఇచ్చేది మీరే కాబట్టి, అడగడానికి మొహమాటపడకండి. పెళ్లిరోజు వెనక వరుసలో కూర్చునే అమ్మమ్మలూ, చంటిపిల్లల తల్లులూ హాయిగా ఉంటారు.