వంటింటి మోరీ ఎందుకు మూసుకొనిపోతుంది?

పండుగ మరునాడు మన ఇండ్లలో తరచుగా వినవచ్చే ఫిర్యాదు ఒకటి కలదు: గిన్నెలు కడిగే తొట్టిలో నీరు నిలిచిపోయినది. బక్రీదు మరునాడైనా, పెండ్లి విందు మరునాడైనా ఇది సహజమే. తెలంగాణలో ఉర్దూవారు, తెలుగువారు కూడ మోరీ అని పిలిచే ఈ తూమును బాగుచేసుకొనడం ఇంజనీరింగు చదివినవారికి మాత్రమే తెలిసే విద్య కాదు. అడ్డు ఏ పదార్థముతో, ఏ చోట ఏర్పడినదో గ్రహించితే సగం పని అయినట్లే.

మెతుకులే అడ్డుకు కారణమని చాలామంది అనుకొంటారు. మెతుకులు తరువాతి సంగతి. మొదటి దోషి కొవ్వు. వేటమాంసపు కొవ్వు సుమారు 44 నుండి 50 సెంటిగ్రేడు డిగ్రీల వేడి లేనిదే కరగదు. వనస్పతి 31 నుండి 41 డిగ్రీల మధ్య కరుగుతుంది. నిహారీ వండిన గిన్నెను కడిగినప్పుడు ద్రవరూపములో జారిపోయిన కొవ్వు, చల్లని గొట్టాన్ని తాకగానే గడ్డకట్టి లోపలి గోడలకు పూతవలె అంటుకొంటుంది. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి నీటిలో కరగని తెల్లని మడ్డిని పుట్టిస్తాయి. ఆ జిగటపై మెతుకులు, టీ పొడి, గిన్నెలు తోమే పీచు తునకలు చిక్కుకొని దారి ఇరుకవుతుంది. 2017లో లండను నగరపు వైట్‌చాపెల్ ప్రాంతములో, భూగర్భ కాలువలో ఈ రీతిగా పేరుకొన్న కొవ్వు గడ్డ 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు ఉన్నట్లు అంచనా వేసినారు. మన తొట్టి క్రింద జరిగేది దాని చిన్న రూపమే.

తొట్టి క్రింది గొట్టము తిన్నగా దిగక ఒక వంపు తిరిగి పోతుంది. కొన్ని ఇండ్లలో ఆ వంపుకు బదులు సీసా ఆకారపు డబ్బా ఉంటుంది. దీనినే ట్రాప్ అంటారు. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల నిపుణుడు మరుగుదొడ్డికి ఇటువంటి వంపు గొట్టాన్ని చేర్చి పేటెంటు పొందినాడు. వంపులో సుమారు రెండంగుళాల నీరు ఎల్లప్పుడు నిలిచి, కాలువలోని దుర్వాయువులను ఇంటిలోనికి రానీయదు. ఇంత మేలు చేసే ఆ వంపులోనే మడ్డి కూడ దిగబడుతుంది. కనుక మొదట అనుమానించవలసిన చోటు అదే.

తొట్టిలోని నీటిని చెంబుతో తోడివేసి, రెండంగుళాలు మాత్రం ఉంచవలెను. కఱ్ఱపిడి గల రబ్బరు ప్లంజరును రంధ్రముపై ఒత్తిపెట్టి ఇరవై మారులు పైకి, క్రిందికి ఆడించవలెను. తొట్టి అంచున నీరు పొర్లిపోయే మరొక రంధ్రం ఉన్న యెడల దానిని తడిగుడ్డతో మూయనిదే ఫలితం లేదు. ఒత్తిడి అంతా ఆ దారిన పోతుంది. నీరు గాలివలె అణగదు గనుక మన చేతి బలము నేరుగా అడ్డును తాకుతుంది.

ఇందువలన కాకపోతే క్రింద బకెట్టు పెట్టి ట్రాపును విప్పవలెను. ప్లాస్టిక్ మరలు సాధారణంగా చేతితోనే వస్తాయి. పానా వేసి బిగబట్టితే పగులుతాయి. పాత పండ్ల బ్రష్షుతో లోపల శుభ్రపరచి, రబ్బరు వాషర్లను ఉన్న క్రమములోనే తిరిగి అమర్చవలెను. ట్రాపులో ఏమీ లేదంటే అడ్డు గోడలోని గొట్టములో ఉన్నదన్నమాట. అప్పుడు స్ప్రింగు తీగను త్రిప్పుతూ లోనికి పోనీయవలెను. వెదురు బద్ద తిన్నని గొట్టానికి పనికివచ్చును గాని, వంపులో విరిగి తానే అడ్డు కాగలదు.

వేడినీరు లేత జిడ్డును కరిగిస్తుంది. అయితే కరిగిన కొవ్వు మరికొంత దూరం పోయి మరల గడ్డకట్టవచ్చును. సలసల మరిగే నీటికి పి.వి.సి. గొట్టము మెత్తబడుతుంది కూడ. వంటసోడా, వెనిగరు కలిపి పోయుమని పలువురు చెప్పుతారు. ఆ నురుగు కార్బన్ డయాక్సైడు మాత్రమే; మిగిలేది ఒక లవణము. చూడ ముచ్చటగా ఉండవచ్చును గాని, కొవ్వును కరిగించే శక్తి దానికి లేదు.

కాస్టిక్ సోడా కొవ్వును నిజముగానే సబ్బుగా మార్చుతుంది. అయినను ఇంట్లో దానిని వాడకుండుటయే మంచిదని నా అభిప్రాయము. నీటితో కలిసినప్పుడు అది తీవ్రమైన వేడిని పుట్టిస్తుంది. ఒక్క చుక్క చిందినా కంటిచూపుకు ముప్పు. అడ్డు తొలగకపోతే గొట్టము నిండ ఆ ద్రావణమే నిలిచి, తరువాత ట్రాపు విప్పేవాని చేతులపై పడుతుంది. మొదట బ్లీచింగు పౌడరు చల్లి, ఆపై యాసిడ్ పోయడం ఇంకను ప్రమాదకరము. వెలువడే క్లోరిన్ వాయువు కిటికీలు మూసిన వంటింట్లో ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

స్నానాలగదిలో కూడ నీరు ఎదురు తన్నుతున్నదంటే అడ్డు ఇంటి వెలుపల ఉన్నది. అప్పుడు వీధిలో పోయే కూలివానిని పిలిచి, నాలుగు రూపాయలిచ్చి మ్యాన్‌హోల్‌లోనికి దింపే అలవాటు ఇంకను పోలేదు. లోపలి హైడ్రోజన్ సల్ఫైడు తక్కువగా ఉన్నప్పుడు కుళ్ళిన గ్రుడ్డు కంపు కొడుతుంది. మోతాదు మించితే ముక్కు మొద్దుబారి ఆ కంపే తెలియదు. వాసన తగ్గినదని దిగినవాడు తిరిగి రాకపోవచ్చును. రక్షణ సాధనాలు లేకుండ మనిషిని మురుగు కాలువలోనికి దింపడాన్ని 2013 నాటి చట్టము నిషేధించినది. దింపించిన గృహస్థు కూడ శిక్షార్హుడే. ఇటువంటి మరణానికి ఇచ్చే పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో పది లక్షల నుండి ముప్పది లక్షల రూపాయలకు పెంచినది. హైదరాబాదు జలమండలి వద్ద సన్నని గల్లీలలోనికి పోగల చిన్న జెట్టింగు యంత్రాలు ఉన్నవి. ఫిర్యాదు వ్రాయించేటప్పుడు గల్లీ వెడల్పు ఎంతో, పొంగుతున్న మ్యాన్‌హోల్ ఏ ఇంటి ఎదుట ఉన్నదో చెప్పితే తగిన యంత్రాన్ని పంపడానికి వీలు కలుగుతుంది.