ఫాస్ఫోఫిల్లైట్

ఫాస్ఫోఫిల్లైట్ ఒక అరుదైన ఫాస్ఫేటు ఖనిజం. రసాయనికంగా ఇది జింకు, ఇనుముల జలయుత ఫాస్ఫేటు. దీని ఫార్ములాలో 2 జింకు పరమాణువులు, 1 ఇనుము పరమాణువు, 2 ఫాస్ఫేటు సమూహాలు, 4 నీటి అణువులు ఉంటాయి. ప్రకృతిలో అరుదైన ఈ పదార్థమే కర్మాగారాలలో ఉక్కును తుప్పు నుండి కాపాడే పూతగా ఏర్పడుతుంది.

పేరు, లభ్యత

ఈ ఖనిజాన్ని 1920లో జర్మనీలోని బవేరియాకు చెందిన హాగెన్‌డార్ఫ్ నమూనాల ఆధారంగా మొదట వర్ణించారు. ఫాస్ఫేటును సూచించే పదానికి, ఆకు అని అర్థం గల 'ఫిల్లోన్' అనే గ్రీకు పదాన్ని చేర్చి పేరు పెట్టారు. స్ఫటికాలు పలుచని పొరలుగా చీలడమే ఇందుకు కారణం. జింకు, ఫెర్రస్ రూపంలోని ఇనుము, ఫాస్ఫేటు, నీరు ఒకేచోట కలిస్తేనే ఇది ఏర్పడుతుంది. రత్నాలుగా పనికివచ్చే మేలైన స్ఫటికాలు బొలీవియాలోని పొటోసి వద్ద గల సెర్రో రికో గనులలో లభించాయి.

భౌతిక ధర్మాలు

ఇది మోనోక్లినిక్ వ్యవస్థకు చెందిన ఖనిజం. వర్ణరహితంగా గాని, లేత నీలి ఆకుపచ్చ రంగులో గాని ఉంటుంది. పారదర్శకమైన దీనికి గాజు వంటి మెరుపు ఉంటుంది. విశిష్ట సాంద్రత సుమారు 3.1, వక్రీభవన గుణకం సుమారు 1.60 నుండి 1.62 వరకు.

మోస్ కొలమానంపై దీని కఠినత్వం 3 నుండి 3.5 మాత్రమే. ధూళిలో ఉండే క్వార్ట్జు కఠినత్వం 7 కనుక, దుమ్ము తుడిచినా దీనిపై గీతలు పడవచ్చు. ఒక దిశలో సులభంగా చీలే గుణం కూడా ఉండడంతో దీనికి సాన పట్టడం చాలా కష్టం. అందువల్ల దీన్ని నగలలో పొదగడం కంటే సేకరణలలో భద్రపరచడమే ఎక్కువ.

ఉక్కుపై పూత

మోటారు వాహనాల ఉక్కు భాగాలకు రంగు వేసే ముందు వాటిని జింకు ఫాస్ఫేటు గల ఆమ్ల ద్రావణంతో తడుపుతారు. ఆమ్లం ఉక్కు ఉపరితలాన్ని కొద్దిగా కరిగిస్తుంది. ఈ చర్యలో ఆమ్లం ఖర్చయి, ఉపరితలం వద్ద ఆమ్లత్వం తగ్గుతుంది. అప్పుడు కరిగిన ఇనుము, ద్రావణంలోని జింకు, ఫాస్ఫేటులతో కలిసి ఫాస్ఫోఫిల్లైట్ సూక్ష్మ స్ఫటికాలుగా ఉక్కుకు అంటుకుంటుంది. దీనితో పాటు ఇనుము లేని హోపైట్ అనే జింకు ఫాస్ఫేటు కూడా ఏర్పడుతుంది.

ఈ పొర వల్ల రంగు గట్టిగా పట్టుకుంటుంది. రంగు పొర దెబ్బతిని తుప్పు మొదలైనపుడు దాని అంచున క్షారత్వం పెరుగుతుంది. హోపైట్ కంటే ఫాస్ఫోఫిల్లైట్ క్షారాన్ని బాగా తట్టుకుంటుంది. అందువల్ల ఉక్కుపై వేసే పూతలో ఫాస్ఫోఫిల్లైట్ పాలు ఎక్కువగా ఉండడాన్ని మంచి నాణ్యతకు గుర్తుగా పరిగణిస్తారు.