పంచాయతీ తేదీలు ఊరందరి కంటబడుటెట్లు? – ఆన్‌లైన్ పట్టికలో క్యాలెండరు

చిత్తూరు జిల్లాలో కుప్పమునకు ప్రక్కనున్న గుడుపల్లె మండలము కర్ణాటక సరిహద్దున ఉన్నది. తమిళనాడును దూరము కాదు. ఈ ప్రాంతమునుండి పనులకై రైలులో బెంగుళూరునకు పోయి వచ్చువారు పెక్కుమంది. ఇట్టిచోట రేపటి గ్రామసభకు నేటి సాయంత్రము దండోరా వేయించినచో ఏమగును? రైలెక్కవలసినవాడు రైలెక్కును, కూలికి ఒప్పుకొన్న ఆడమనిషి పొలమునకు పోవును. సభలో పదిమందియే మిగులుదురు. ఏ వీధికి కుళాయి రావలెనో, ఏ వంకకు మోరీ కట్టవలెనో ఆ పదిమందియే నిర్ణయింతురు.

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగములో స్థానము కల్పించినది. గ్రామపు ఓటర్లందరును అందు సభ్యులే. కాని తేదీ తెలియని సభ్యుడు సభకు రాలేడు. కావున తేదీని ముందుగా తెలుపుట మర్యాద మాత్రమే కాదు, ఓటరు హక్కును కాపాడుట. ఇందుకు ఖర్చులేని సాధనమొకటి కలదు. దానిని పంచాయతీ సభ్యులకు వివరింపగోరుచున్నాము.

లెక్కల పట్టిక

అడ్డు వరుసలు, నిలువు వరుసలు కలిసిన గడులలో అంకెలు వ్రాసినచో తానే లెక్క కట్టు పట్టికను స్ప్రెడ్‌షీటు అందురు. 1979లో అమెరికాలో వెలువడిన విసికాల్క్ ఇట్టి పట్టికలలో ప్రసిద్ధికెక్కిన మొదటిది. 2006లో గూగుల్ సంస్థ ఇట్టి పట్టికను ఇంటర్నెట్టుపై ఉంచినది. దానినే గూగుల్ షీట్స్ అనుచున్నాము. ఇది ఒకరి బీరువాలోని పుస్తకము వంటిది కాదు. ఒకరు దిద్దినచో ఆ మార్పు చూచువారందరికిని వెంటనే కనబడును. 2019 అక్టోబరు 2న రాష్ట్రమున గ్రామ సచివాలయములు ప్రారంభమైన పిమ్మట కంప్యూటరు గ్రామమునకు కొత్త వస్తువు కాదు.

తేదీ యొక అంకె

మనకు తేదీగా కనబడునది ఈ పట్టికకు ఒక అంకె మాత్రమే. 1899 డిసెంబరు 30వ తేదీని సున్నగా ఎంచి, అచ్చటినుండి దినములను అది లెక్కించుచుండును. ఆ లెక్కలో 2026 జనవరి 1వ తేదీ 46023వ దినము. ఒకటి కలిపినచో మరునాడు, ఏడు కలిపినచో వచ్చు వారము అదే దినము వచ్చును. క్యాలెండరు నిర్మాణమంతయు ఈ చిన్న కూడికపైననే నిలిచియున్నది.

మొదట ఒక జాగ్రత్త. ఫైల్ అను మెనూలోని సెట్టింగ్స్‌లో దేశము ఇండియాగా ఉన్నదో లేదో చూడవలెను. అది అమెరికాగా ఉన్నచో 2-10-2026 అని వ్రాసినపుడు పట్టిక నెలను ముందుగా చదివి, అక్టోబరు 2వ తేదీని ఫిబ్రవరి 10గా భావించును. గాంధీ జయంతినాటి సభ ఎనిమిది నెలలు వెనుకకు పోవును!

నెలను అమర్చు విధము

మొదటి వరుసలోని ఏ-1 గడిలో సంవత్సరము, బి-1 గడిలో నెల అంకె వ్రాయవలెను. రెండవ వరుసలో ఆదివారము మొదలు శనివారము వరకు ఏడు పేర్లు వ్రాయవలెను. మూడవ వరుస మొదటి గడిలోనిదే అసలు సూత్రము. సూత్రము సమాన చిహ్నముతో మొదలగును, అందలి పేర్లను ఆంగ్లాక్షరములలో వ్రాయవలెను.

డేట్ అను సూత్రము సంవత్సరము, నెల, 1 అను మూడింటిని గ్రహించి ఆ నెల మొదటి తేదీని ఇచ్చును. వీక్‌డే అను సూత్రము ఆ తేదీ ఏ వారమో అంకెతో చెప్పును. ఆదివారమునకు 1, శనివారమునకు 7. మొదటి తేదీనుండి ఆ అంకెను తీసివేసి 1 కలిపినచో మొదటి ఆదివారపు గడిలో ఉండవలసిన తేదీ వచ్చును. ఉదాహరణకు 2026 అక్టోబరు 1 గురువారము, దాని అంకె 5. అయిదు తీసివేసి ఒకటి కలుపగా సెప్టెంబరు 27 వచ్చును. అది ఆదివారమే.

తరువాతి గడులలో ఎడమ గడికి 1 కలుపుచు శనివారము వరకు పోవలెను. నాలుగవ వరుసను పనులకై విడిచిపెట్టవలెను. అయిదవ వరుసలో మూడవ వరుస తేదీలకు 7 కలుపవలెను. ఇట్లు వరుస విడిచి వరుసగా ఆరు వారములు అమర్చవలెను. అయిదు చాలవా యందురేమో. 2026 మే 1 శుక్రవారము. ఆ నెల 31వ తేదీ ఆరవ వారములోనే పడును. పిమ్మట ఫార్మాట్ మెనూలో తేదీకి బదులు దినపు అంకె మాత్రమే కనబడునట్లు మార్చవలెను. బి-1లో నెల అంకెను మార్చినంతనే క్యాలెండరంతయు మారిపోవును.

పనుల జాబితా

వేరొక పుటలో తేదీ, పని, స్థలము, బాధ్యుడు అను నాలుగు నిలువు వరుసలు వ్రాయవలెను. గ్రామసభ, పంచాయతీ సమావేశము, నీటి ట్యాంకు శుభ్రము, ఇంటిపన్ను గడువు, వానలకు ముందు చెరువు కాలువల పూడికతీత, మార్చి 31న ముగియు ఆర్థిక సంవత్సరపు లెక్కలు, అన్నియు ఇందు చేరవలెను. ఫిల్టర్ అను సూత్రము ఆయా తేదీ పనులను ఏరును. టెక్స్ట్‌జాయిన్ వానిని ఒక గడిలో కూర్చును. ఇఫ్‌ఎర్రర్ పనిలేని దినమున గడిని ఖాళీగా ఉంచును. సూత్రమును ప్రక్క గడులకు లాగునపుడు జాబితా నిలువు వరుసల గురుతుల ముందు డాలరు చిహ్నముండవలెను. లేనిచో గడిలో సరియైన పని కనబడదు.

యంత్రమెరుగని విషయము

పట్టికకు వారము తెలియును గాని తిథి తెలియదు. 2026లో ఉగాది మార్చి 19న వచ్చును, తమిళ సంవత్సరాది ఏప్రిల్ 14న. పండుగలను, ఊరి జాతరను పంచాంగము చూచి, పెద్దలనడిగి చేతితో వ్రాయవలసినదే. జాతరనాడు గ్రామసభ పెట్టినచో తప్పు కంప్యూటరుది కాదు, అడుగని మనదే.

చూచుట అందరికి, దిద్దుట కొందరికి

షేర్ అను బొత్తాము నొక్కి, లింకు కలవారందరును చూచునట్లును, కార్యదర్శి, సర్పంచి వంటి ఇద్దరు ముగ్గురు మాత్రమే దిద్దునట్లును అనుమతి ఇయ్యవలెను. ఎవరు ఏ తేదీని ఎప్పుడు మార్చిరో దిద్దువారు వెర్షన్ హిస్టరీలో చూడవచ్చును. కావున సభ తేదీని నిశ్శబ్దముగా జరిపితినని ఎవరును దాచలేరు. ఊరివారి ఫోను నంబర్లు, ఆధార్ సంఖ్యలు, పన్ను బాకీదార్ల పేర్లు మాత్రము ఇందు వ్రాయరాదు. లింకు ఎవరి చేతికైనను పోవును.

ఫోను లేనివారును గ్రామములో కలరు. నెల మొదట ఆ పుటను అచ్చు తీసి పంచాయతీ కార్యాలయమునందు, బడి వద్ద, పాల కేంద్రము వద్ద అంటింపవలెను. దండోరాను మానరాదు. పట్టిక నెలముందు చెప్పిన మాటను దండోరా ముందునాడు జ్ఞాపకము చేయును.

ఈ పనికి ఒక పూట చాలును. రాబోవు సమావేశమున సభ్యులు ఈ యేటి తేదీలన్నింటిని తీర్మానించి పట్టికకెక్కించిన యెడల, బెంగుళూరు రైలెక్కు కూలియు నెలముందే ఆ దినమునకు సెలవడుగుకొనగలడు. సభలో అతని మాటయు వినబడును.