దూకేది ఒకరు... అడుగు కొలిచేది ఇంకొకరు

మాన్‌హట్టన్ అనగానే మనందరికీ న్యూయార్క్ మేడలే గుర్తొస్తాయి. అమెరికాలోనే ఇంకో మాన్‌హట్టన్ ఉంది. గోధుమకు పేరుపడ్డ కాన్సాస్ రాష్ట్రంలో, యాభై వేల పైచిలుకు జనం ఉండే చిన్న ఊరు. 1863లో వ్యవసాయ కాలేజీగా మొదలైన కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ అక్కడే ఉంది. మన తెలుగు నేలకు ఈ యూనివర్సిటీ కొత్తదేం కాదు. 1964లో రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు చేయూతనిచ్చింది వీళ్ళే.

అయితే ఇప్పుడు చెప్పబోయేది పంటల సంగతి కాదు. ఆ ఊళ్ళో మూడు దశాబ్దాలకు పైగా కుర్రాళ్ళకు ఎత్తులు దూకడం నేర్పిన ఒక కోచ్ సంగతి. పేరు క్లిఫ్ రొవెల్టో. 1988లో అసిస్టెంట్‌గా చేరాడు, 1992లో హెడ్ కోచ్ అయ్యాడు. ఆయన పేరు మనలో చాలామంది విని ఉండరు. ఆయన శిష్యుల పేర్లు మాత్రం ప్రపంచం విన్నది.

ఎక్కడెక్కడి నుంచో వచ్చారు

లిథువేనియా అమ్మాయి ఆస్ట్రా స్కుయీటే ఇక్కడే చదివింది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో హెప్టాథ్లాన్ రజతం గెలిచింది. మరుసటి ఏడాది మహిళల డెకాథ్లాన్‌లో 8,358 పాయింట్లతో ప్రపంచ రికార్డు పెట్టింది. ఒహాయో కుర్రాడు ఎరిక్ కైనార్డ్ ఇక్కడ చదువుకుంటూనే 2012 లండన్ ఒలింపిక్స్ హైజంప్‌లో 2.33 మీటర్లు దూకి రజతం తెచ్చాడు. అప్పట్లో మొదటి స్థానంలో నిలిచిన రష్యా ఆటగాడు డోపింగ్ కేసులో దొరికిపోవడంతో, 2021లో ఆ స్వర్ణం కైనార్డ్‌కే దక్కింది. తొమ్మిదేళ్ళు ఆలస్యమైనా న్యాయం జరిగింది.

ఇక మనవాడు తేజస్విన్ శంకర్. ఢిల్లీలో పెరిగిన తమిళ కుటుంబం అబ్బాయి. స్కూల్లో ఫాస్ట్ బౌలర్. అక్కడి సార్లు హైజంప్ వైపు మళ్ళించారు. 2016లో 17 ఏళ్ళకే 2.26 మీటర్లు దూకి జాతీయ రికార్డు బద్దలు కొట్టాడు. 2017లో నాలుగేళ్ళ స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ మీద రొవెల్టో దగ్గరికి వెళ్ళాడు. 2018లో అమెరికా కాలేజీల జాతీయ పోటీలో 2.24 మీటర్లతో ఛాంపియన్ అయ్యాడు. అదే ఏడాది తన రికార్డును 2.29కి పెంచాడు. 2022లో కాలేజీ టైటిల్ మళ్ళీ గెలిచాడు. అయినా కామన్వెల్త్ జట్టులో మొదట పేరు లేదు. ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. చివరికి బర్మింగ్‌హామ్ వెళ్ళి కాంస్యం పట్టుకొచ్చాడు. కామన్వెల్త్ హైజంప్‌లో మన దేశానికి అదే తొలి పతకం.

కోచ్ ఏం చేస్తాడు?

హైజంప్ చూసేవాళ్ళకు బార్ మీద నుంచి వెల్లకిలా తేలిపోయే ఆ ఒక్క క్షణమే కనిపిస్తుంది. కోచ్ చూసేది నేల మీద పడే అడుగుల్ని. మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండు అడుగులు పరిగెడతారు. మొదటివి నేరుగా, చివరి నాలుగైదు వంపు తిరుగుతూ పడతాయి. ఆ వంపులో ఒళ్ళు లోపలికి వాలాలి. ఆఖరి దానికి ముందు అడుగు కాస్త పొడుగ్గా పడి నడుము కిందికి దిగాలి, ఆఖరిది టక్కున పడాలి. మొదలుపెట్టే గుర్తు జానెడు తప్పితే గాల్లో ఎంత విన్యాసం చేసినా బార్ కింద పడుతుంది. వరుసగా మూడుసార్లు పడితే ఇంటికే.

మేము సైట్లో పనిచేసేవాళ్ళం కనుక ఈ సంగతి ఇట్టే అర్థమైంది. కింద మార్కింగ్ తప్పాక పై అంతస్తులో ఎంత మంచి మేస్త్రీ ఉన్నా ఏం లాభం? అందుకే జంప్స్ కోచ్ చేతిలో టేపు ఉంటుంది. రోజూ కొలుస్తాడు, గుర్తు పెడతాడు, వీడియో తీసి చూపిస్తాడు.

దానితో పని అయిపోదు. కాలేజీ కోచ్ కుర్రాళ్ళను వెతికి తేవాలి, వాళ్ళు క్లాసుల్లో పాసయ్యేలా చూడాలి, స్కాలర్‌షిప్ పంచాలి. 2024-25 వరకు ఉన్న రూల్ ప్రకారం పెద్ద యూనివర్సిటీల్లో మగవాళ్ళ అథ్లెటిక్స్ జట్టు మొత్తానికి 12.6 స్కాలర్‌షిప్‌లే, ఆడవాళ్ళకు 18. పరుగువాళ్ళు, దూకేవాళ్ళు, విసిరేవాళ్ళు అందరికీ అందులోంచే ముక్కలు చేసి ఇవ్వాలి. అలాంటిచోట ఏడు సముద్రాల అవతలి కుర్రాడిని నమ్మి నాలుగేళ్ళు ఇవ్వడమంటే మాటలు కాదు.

పని నేర్చినవాడు పక్క పనీ నేరుస్తాడు

రొవెల్టో కాన్సాస్‌లో హైజంప్ ఒక్కటే కాదు, డెకాథ్లాన్ వాళ్ళనూ తయారు చేశాడు. తేజస్విన్ అక్కడ ఆ రుచీ చూశాడు. 2023 హాంగ్‌ఝౌ ఏషియాడ్‌లో రెండు రోజులు పది ఈవెంట్లు ఆడి 7,666 పాయింట్లతో జాతీయ రికార్డు, రజతం సాధించాడు. అదే ఏషియాడ్ హెప్టాథ్లాన్‌లో మన తెలంగాణ అమ్మాయి అగసర నందిని 5,712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. టీ కొట్టు నడుపుకునే తండ్రి కూతురు, గురుకులంలో చదివిన పిల్ల. ఆమె ఎదుగుదల వెనకా ఇక్కడి కోచ్‌ల చెమటే ఉంది.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు...

ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, మనలో చాలామంది పిల్లలు ఊళ్ళో ఉన్నారు. ఫోన్లో "ఆటలు మానేసి చదువుకో" అనేస్తాం. అప్పు తీర్చడానికి వచ్చినవాళ్ళం, మన భయం మనది. కానీ మంచి జంప్ ఉన్న పిల్లకో పిల్లాడికో ఆటే చదువుకు దారి కావచ్చు. ముందు పీఈటీ సార్‌తో ఒక్కసారి మాట్లాడండి. పోటీల సర్టిఫికెట్లు, కొలతలు, వీడియోలు దాచమనండి. మార్కులు, ఇంగ్లీషు పరీక్ష కూడా కావాలి కాబట్టి చదువు ఎలాగూ మానకూడదు. ఇంకో మాట. స్కాలర్‌షిప్ ఇప్పిస్తామని లక్షలు అడిగే ఏజెంట్ల దగ్గరికి పోకండి. ఏజెంటు సంగతి మనకంటే తెలిసినవాళ్ళెవరు? అక్కడి కోచ్‌ల ఈమెయిల్ ఆ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. నేరుగా రాయొచ్చు.

పతకం మెడలో పడేది ఒకరికే. కానీ ఆ మెడ దాకా తెచ్చిన చేతులు ఉంటాయి. అలాంటి చెయ్యి ఒకటి మీ ఊరి స్కూల్లోనే ఉందేమో, సెలవు మీద వెళ్ళినప్పుడు కనుక్కోండి.