ఐదు దయ్యం కథలు, ఒక విశ్వం

రెండున్నర గంటల దయ్యం సినిమాతో ఒక చిక్కుంది. మొదటి అరగంటలో తలుపు కిర్రుమన్నా ఉలిక్కిపడతాం. చివరికొచ్చేసరికి దయ్యమే ఎదురుగా నిలబడినా జంతికలు నములుతూ కూర్చుంటాం. ఎందుకంటారా?

మెదడు లోపల అమిగ్డలా అని బాదంగింజ ఆకారంలో ఓ భాగముంది. ప్రమాదం పసిగట్టగానే ఒళ్లంతటికీ కబురు పెడుతుంది. అడ్రినలిన్ ఊరుతుంది, గుండె దడదడలాడుతుంది, వెంట్రుకల మొదళ్లలోని బుల్లి కండరాలు బిగుసుకుని రోమాలు నిక్కబొడుచుకుంటాయి. కానీ అదే బెదిరింపు పదేపదే వచ్చి, హాని మాత్రం జరగకపోతే, మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. పోపు ఘాటు వంటింట్లో ఉన్నవాళ్లకు తెలియదు, వీధిలోంచి వచ్చినవాడికే తుమ్ములొస్తాయి.

అందుకే నాకు చిన్న చిన్న కథలు గుదిగుచ్చిన దయ్యం సినిమాలంటే అంత ఇష్టం. కథ మారగానే ఇల్లు మారుతుంది, మనుషులు మారతారు, ఈసారి భయం ఎటునుంచి వస్తుందో అంతుపట్టదు. మెదడు మళ్లీ మొదటినుంచీ కాపలా కాయాల్సిందే. మన రామ్ గోపాల్ వర్మ నిర్మించిన ‘డర్నా మనా హై’ (2003)లో ఆరు కథలు అలా వచ్చినవే.

ఈ వంశానికి పెద్దదిక్కు మాత్రం 1945లో బ్రిటన్‌లో ఈలింగ్ స్టూడియో తీసిన ‘డెడ్ ఆఫ్ నైట్’. నలుగురు దర్శకులు, ఐదు కథలు. ఓ ఆర్కిటెక్టు పల్లెటూరి బంగళాకొస్తాడు. అక్కడున్న వాళ్లందరినీ తను కలలో చూశానంటాడు. ఇక ఒక్కొక్కరూ తమ అనుభవం విప్పుతారు. ఆస్పత్రిలో ఉన్న ఒకాయన రాత్రివేళ కర్టెన్ తీస్తే బయట పట్టపగలు! కింద గుర్రాల శవవాహనం. దాని బండివాడు తలెత్తి, లోపల ఒక్కరికి చోటుందంటాడు. కొన్నాళ్లకు బస్సెక్కబోతే కండక్టరుది అదే మొహం, అదే మాట. ఆయన ఎక్కడు. ఆ బస్సు వంతెన మీదనుంచి పడిపోతుంది. రక్తం చుక్క చూపించకుండా ఒళ్లు జలదరింపజేయడమంటే ఇదీ!

చివర్లో ఆర్కిటెక్టు కలలోంచి లేస్తాడు. ఫోన్ మోగుతుంది. మళ్లీ ఆ బంగళాకే బయల్దేరతాడు. మొదలేదో తుదేదో తెలియదు.

ఈ సినిమాను ఫ్రెడ్ హాయల్, హెర్మన్ బాండీ, థామస్ గోల్డ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు కలిసి చూశారు. విశ్వం కూడా ఇలాగే ఉంటేనో అన్నాడు గోల్డ్. గెలాక్సీలు దూరం జరుగుతుంటే ఆ ఖాళీల్లో కొత్త పదార్థం పుడుతూనే ఉంటుందనీ, విశ్వానికి ఆది, అంతం లేవనీ చెప్పే ‘స్థిరస్థితి సిద్ధాంతం’ 1948లో అలా వెలువడింది. ఆకాశం నలుమూలలనుంచీ వచ్చే మైక్రోవేవ్ వికిరణం సంగతి 1965లో బయటపడ్డాక చాలామంది, విశ్వానికి ఓ వేడి ఆరంభముందనీ, ఈ వికిరణం దాని మిగులేననీ చెప్పే బిగ్‌బ్యాంగ్ సిద్ధాంతం వైపు మొగ్గారు. హాయల్ మాత్రం ఒప్పుకోలేదు. 1993లో జెఫ్రీ బర్బిడ్జ్‌నూ, తన శిష్యుడు, మన జయంత్ నార్లికర్‌నూ కలుపుకుని ఆ సిద్ధాంతాన్ని కొత్త రూపంలో మళ్లీ ముందుకు తెచ్చాడు.