వాషర్‌లో నీళ్లు లేకపోయినా ఫెయిలే!

బ్రిటన్‌లో కారుకు మూడేళ్లు నిండాయంటే ఇక ఏటా పరీక్షే. దాన్ని ఎంవోటీ అంటారు. ఆ పేరిచ్చిన రవాణా మంత్రిత్వ శాఖ తర్వాత చాలాసార్లు పేరు మార్చుకుంది గానీ, పరీక్షకు మాత్రం పాత పేరే ఉండిపోయింది. ఏడాదికి మూడు కోట్లకు పైగా పరీక్షలు జరుగుతాయి. పది కార్లు వస్తే సుమారు మూడు మొదటిసారి తప్పుతాయి.

తప్పినవాటిలో ఇంజిన్ పాడైనవి ఎన్ని, గేర్‌బాక్స్ అరిగినవి ఎన్ని అని అడగబోకండి. అవి అసలు సిలబస్‌లోనే లేవు. పొగ చూస్తారు, కింద ఆయిల్ కారుతోందేమో చూస్తారు. ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ ఏ స్థితిలో ఉన్నాయన్నది ఈ పరీక్ష పట్టించుకోదు. ఎక్కువ బళ్లను ముంచేవి లైట్లు. ఆ తర్వాత సస్పెన్షన్, బ్రేకులు, టైర్లు. వెనక నంబరు ప్లేటు మీద వెలగాల్సిన బుల్లి బల్బు వెలగకపోయినా దోషమే. అద్దం కడిగే వాషర్‌లో నీళ్లు నిండుకున్నా ఫెయిలే. డ్రైవరు కళ్లకెదురుగా అద్దంమీద పది మిల్లీమీటర్లు దాటిన రాయిదెబ్బ ఉన్నా ఫెయిలే. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చెప్పనే అక్కర్లేదు.

పాత ఫ్యామిలీ ఎస్‌యూవీ కొనేవాళ్లు ‘ఎక్కువగా పాసైన కార్లు’ అంటూ ఏటా వచ్చే జాబితాలను భక్తిగా చదువుతుంటారు. చదవండి, తప్పులేదు. కాకపోతే వైపర్ మార్పించడానికి, టైరు గాలి చూసుకోవడానికి బద్ధకించే యజమాని చేతిలో ఎంత మంచి బండైనా ఆ జాబితాలో కిందికి జారుతుంది. ఆ శాతాల్లో బండి ఎంత ఉందో, దాన్ని వాడినవాళ్లూ అంతే ఉన్నారు. ఈ సంగతికి జర్మనీలో దొరికినంత మంచి రుజువు ఇంకెక్కడా దొరకదు.

పై మెట్టు మీదా ఎస్‌యూవీనే, కింది మెట్టు మీదా ఎస్‌యూవీనే

జర్మనీలో కార్లను పరీక్షించే సంస్థల్లో పేరున్నవి ట్యూఫ్‌లు. వీటి మూలం కార్లు కావు, ఆవిరి బాయిలర్లు. 1865లో మాన్‌హైమ్‌లో ఒక బీరు కర్మాగారంలో బాయిలర్ పేలింది. మరుసటి ఏడాదే బాయిలర్లను తనిఖీ చేసే సంఘం అక్కడ పుట్టింది. ఆ సంతతే ఇప్పుడు కార్ల కింద టార్చి వేసి చూస్తోంది. అక్కడ కొత్త కారుకు మూడేళ్లకు మొదటి పరీక్ష, ఆ తర్వాత రెండేళ్లకోసారి. పాసైతే వెనక నంబరు ప్లేటు మీద గుండ్రటి స్టిక్కరు అంటిస్తారు. ఏడాదికో రంగు, ఆరు రంగులు వంతులవారీగా తిరుగుతుంటాయి. పోలీసు దూరంనుంచే రంగు చూసి గడువు దాటిందో లేదో చెప్పేయగలడు.

ఈ పరీక్షల లెక్కలతో ఏటా ట్యూఫ్ రిపోర్టు వస్తుంది. 2020 రిపోర్టులో రెండు మూడేళ్ల వయసు కార్లలో మొదటి స్థానం ఒక ఎస్‌యూవీది, మెర్సిడెస్ జీఎల్‌సీ. వందలో రెండు మాత్రమే పెద్ద లోపాలతో దొరికాయి. 2026 రిపోర్టుకొస్తే అదే వయసు కార్లలో అట్టడుగున నిలిచిందీ ఎస్‌యూవీనే, టెస్లా మోడల్ వై. 17.3 శాతం బళ్లలో పెద్ద లోపాలు కనిపించాయి. ఆ ఏడాది గెలిచిన మాజ్డా 2కి అది 2.9 శాతం. అంతకుముందు రెండు రిపోర్టుల్లో చివరి స్థానం టెస్లాదే, కాకపోతే మోడల్ 3ది.

టెస్లా మోటారు మొరాయించి ఫెయిలవడం లేదు. ఇరుసులు, సస్పెన్షన్, బ్రేకు డిస్కులు, లైట్లు, ఇవే చిక్కులు. బ్రేకు డిస్కుల కథ చిత్రమైనది. ఎలక్ట్రిక్ కారులో కాలు పెడల్ మీదనుంచి తీయగానే మోటారే బండిని నెమ్మదింపజేసి, ఆ శక్తిని బ్యాటరీకి పంపిస్తుంది. అసలు బ్రేకుకు పనే ఉండదు. పని లేని డిస్కు వానకు, ఉప్పుకు తుప్పు పడుతుంది. బ్రేకులు అరిగిపోయి ఫెయిలైన బళ్లను చూశాం, వాడక ఫెయిలైనవి ఇవే. దానికి తోడు ఈ కారుకు ఫలానా కిలోమీటర్లకు సర్వీసింగ్ చేయించి తీరాలన్న నియమం లేదు. మూడేళ్లపాటు మెకానిక్ కంటపడకుండా తిరిగిన బండి మొదటిసారి లిఫ్టు ఎక్కేది పరీక్షరోజునే. సర్వీసింగుకు క్రమం తప్పకుండా వెళ్లే కారులో ఆ లోపాలను మెకానిక్ ముందే సరిచేసేస్తాడు, పరీక్షకుడి దాకా రానివ్వడు.

ఇక రెండేళ్లు వరసగా, 2023, 2024 రిపోర్టుల్లో గెలిచింది ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ స్పోర్ట్స్‌వాన్. పేరులో స్పోర్ట్స్ ఉంది గానీ కారులో ఏమీ లేదు. సీటు ఎత్తుగా ఉంటుంది, ఎక్కడం దిగడం సులువు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఇష్టపడి కొన్న కారు. 2025లో గెలిచిన హోండా జాజ్ కూడా అలాంటి ఇళ్లలోనే ఎక్కువ. షెడ్డులో పెట్టి, తక్కువ తిప్పి, పుస్తకంలో రాసిన తేదీకి సర్వీసింగ్ చేయించే యజమానులు. ఈ గెలుపులో ఇంజినీర్ల వాటా ఎంత, పెన్షనర్ల వాటా ఎంత అంటే నేను పెన్షనర్ల వైపే మొగ్గుతాను.

రోలర్ ఎక్కని బళ్లు

మామూలు కారుకు బ్రేకు పరీక్ష ఇలా జరుగుతుంది. ముందు చక్రాలు రెండింటినీ నేలలో అమర్చిన రోలర్ల మీదికి ఎక్కిస్తారు. రోలర్లు తిరుగుతుంటే బ్రేకు తొక్కాలి. ఒక్కో చక్రం ఎంత గట్టిగా పట్టిందో మీటరు చూపిస్తుంది. తర్వాత వెనక చక్రాలు. బ్రిటన్‌లో 2010 సెప్టెంబరు తర్వాతి కార్లకు బండి బరువులో 58 శాతం బ్రేకు బలం రావాలి, హ్యాండ్‌బ్రేకుకు 16 శాతం చాలు.

నాలుగు చక్రాలకూ ఎప్పుడూ శక్తి అందే ఎస్‌యూవీ వస్తే ఈ పద్ధతి పనికిరాదు. రెండు చక్రాలు రోలర్ మీద తిప్పితే మిగతా రెండూ తిరగబోతాయి, మధ్యలో ఉన్న గేర్లు నలుగుతాయి. అందుకని పరీక్షకుడు చిన్న యంత్రం ఒకటి బండిలో పెట్టుకుని రోడ్డెక్కుతాడు. వేగం అందుకుని బ్రేకు తొక్కితే బండి ఎంత గట్టిగా ఆగిందో ఆ యంత్రం చెబుతుంది. హెడ్‌లైట్లకూ ఎస్‌యూవీకి వేరే కొలత. లైటు మధ్యభాగం నేలనుంచి 850 మిల్లీమీటర్లు దాటి ఉంటే వెలుగు ఇంకాస్త కిందికి వంగాలి. లేకపోతే ఎదురొచ్చే చిన్న కారువాడి కళ్లు బైర్లు కమ్ముతాయి.

ఇంటిల్లిపాదీ తిరిగే బండి కాబట్టి దాని గుర్తులూ కాగితానికి ఎక్కుతాయి. పిల్లల సీటు బిగించి ఉంటే దాన్ని పీకక్కర్లేదు. ‘పిల్లల సీటు ఉన్నందువల్ల బెల్టు పూర్తిగా చూడలేకపోయాం’ అని ఒక మాట రాసి వదిలేస్తారు. ‘కింద ప్లాస్టిక్ కవర్లు ఉన్నందువల్ల కొన్ని భాగాలు కనబడలేదు’ అన్నది ఇంకా ఎక్కువగా కనిపించే మాట. పాస్ సర్టిఫికెట్ చేతికొచ్చినా ఏది చూడలేదో కూడా అందులోనే ఉంటుందన్నమాట.

నిజానికి కొనేవాళ్లకు అసలు సరుకు అక్కడే దొరుకుతుంది. బ్రిటన్‌లో ఏ కారు నంబరైనా ప్రభుత్వ వెబ్‌సైట్లో కొట్టి దాని పరీక్షల చరిత్ర ఉచితంగా చూడొచ్చు. 2005 నుంచి వివరాలు కంప్యూటర్లో ఉన్నాయి. ప్రతి పరీక్షనాడు మీటరు ఎంత చూపించిందో కూడా నమోదవుతుంది కాబట్టి, మీటరు వెనక్కి తిప్పి అమ్మేవాళ్ల ఆటలు అంత తేలిగ్గా సాగవు. అక్కడ స్థిరపడిన మనవాళ్లు కాష్‌కై, స్పోర్టేజ్ లాంటి పాత ఎస్‌యూవీ కోసం వెతికేటప్పుడు పాస్, ఫెయిల్ అన్న పెద్దక్షరాలు చూసి ఆగిపోవద్దు. ఫెయిల్ చేయకుండా రాసిన హెచ్చరికలు చదవాలి. ‘వెనక సబ్‌ఫ్రేమ్‌కు తుప్పు మొదలైంది’ అన్న వాక్యం మూడేళ్లుగా ఏటా కనిపిస్తుంటే, ఆ బండి మూడుసార్లూ పాసైనా సరే, జాగ్రత్త పడాల్సిందే. చలికాలంలో మంచు కరగడానికి రోడ్లమీద చల్లే ఉప్పు ఆ దేశపు బళ్లను కిందినుంచి తినేస్తుంది. బల్బు కోసం ఒకసారి ఫెయిలై, అదేరోజు మార్చి పాసైన బండి మీద నాకు ఏ అనుమానమూ లేదు.

పరీక్షకే పరీక్ష

అన్నిటికంటే పెద్ద వింత ఉత్తర ఐర్లండ్‌లో జరిగింది. అక్కడ ఈ పరీక్ష ప్రైవేటు గ్యారేజీల్లో ఉండదు, ప్రభుత్వ కేంద్రాల్లోనే. 2020 జనవరిలో ఆ కేంద్రాల్లో కార్లను పైకెత్తే లిఫ్టులను తనిఖీ చేస్తే, 55లో 52 లిఫ్టుల లోహం అలసిపోయిన గుర్తులు బయటపడ్డాయి. కార్లు భద్రంగా ఉన్నాయో లేదో తేల్చే యంత్రాలే ఫెయిలయ్యాయి. పరీక్షలు ఆపేసి, గడువు మీరిన కార్లకు తాత్కాలిక మినహాయింపులు ఇచ్చారు. లిఫ్టులు మార్చే పని సాగుతుండగానే కరోనా వచ్చి పడింది.

బ్రిటన్‌లో ఎంవోటీ పుట్టుక కూడా తమాషాగానే ఉంటుంది. 1960 సెప్టెంబరులో ఎర్నెస్ట్ మార్పుల్స్ రవాణా మంత్రిగా ఉండగా మొదలైంది. అప్పట్లో పదేళ్లు దాటిన కార్లకే, అదీ బ్రేకులు, లైట్లు, స్టీరింగు వరకే. వచ్చిన బళ్లు వచ్చినట్టు తప్పుతుంటే ప్రభుత్వం బెంబేలెత్తి మరుసటి ఏడాదే పదేళ్లను ఏడేళ్లకు దించింది, 1967లో మూడేళ్లకు. టైర్లు చూడాలన్న ఆలోచన 1968లో గానీ రాలేదు. ఇప్పుడు కారుకు గరిష్ఠ రుసుము 54.85 పౌండ్లు.

ఇంకో తిరకాసు ఉంది. నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయని కార్లకు 2018 మే నుంచి పరీక్ష అక్కర్లేదు. 1970లో వచ్చిన మొదటి రేంజ్ రోవర్లు అలా తప్పించుకున్నాయి. మూడేళ్ల కొత్త ఎస్‌యూవీ లిఫ్టు ఎక్కాలి, యాభై ఏళ్లు దాటిన తాత మాత్రం దర్జాగా రోడ్డు మీద తిరగొచ్చు. అలాంటి బళ్లను యజమానులు కన్నబిడ్డల్లా చూసుకుంటారు కాబట్టి ఫరవాలేదన్నది ప్రభుత్వ లెక్క. మళ్లీ యజమాని దగ్గరికే వచ్చాం చూడండి.

ఎంత తరచుగా పరీక్షించాలన్న విషయంలో చాలాకాలం న్యూజిలాండ్‌ది రికార్డులాంటిదే. 2014 దాకా ఆరేళ్లు దాటిన ప్రతి కారూ ఆరు నెలలకోసారి పరీక్షకు వెళ్లాల్సి వచ్చేది. రెండో కొసన అమెరికా రాష్ట్రాలు. టెక్సాస్ 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకు భద్రతా పరీక్షనే ఎత్తేసింది. పరీక్ష పోయింది, ఫీజు పోలేదు. రిజిస్ట్రేషన్‌తో పాటు ఏడున్నర డాలర్లు ఇప్పటికీ కట్టాలి. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల కౌంటీల్లో ఉండే మన తెలుగువాళ్లకు పెట్రోలు బండికి పొగ పరీక్ష మాత్రం తప్పలేదు. న్యూజెర్సీ అయితే భద్రతా పరీక్షను 2010లోనే ఎత్తేసింది.

ఎస్‌యూవీల ఓర్పుకు రికార్డు కావాలంటే స్విస్ దంపతులు ఎమిల్, లిలియానా ష్మిడ్‌లది చెప్పుకోవాలి. 1984 అక్టోబరులో తమ టొయోటా ల్యాండ్ క్రూజర్ ఎక్కి లోకం చూడటానికి బయల్దేరారు. ఏడాదో రెండేళ్లో తిరిగివద్దామనుకున్న ప్రయాణం దశాబ్దాలు సాగింది. అదే బండిలో 180కి పైగా దేశాలు, ఏడు లక్షల నలభై వేల కిలోమీటర్లకు పైగా తిరిగి గిన్నిస్‌కెక్కారు. ఆ బండి తయారీ సంవత్సరం 1982. అది ఏ గ్యారేజీలో ఎన్ని పార్టులు మార్చుకుందో వాళ్లు ఓపిగ్గా లెక్క రాసి పెట్టుకున్నారు కూడా.

మన దగ్గర తెల్ల ప్లేటు, పసుపు ప్లేటు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పాత ఇన్నోవా కొనబోయేవాడికి బ్రిటన్‌లోలా పరీక్షల చరిత్ర ఏదీ దొరకదు. మన చట్టంలో సొంత కారుకు పదిహేనేళ్లదాకా భద్రతా పరీక్షే లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంటే చాలు. అదే ఇన్నోవాకు పసుపు ప్లేటు తగిలించి టాక్సీగా తిప్పితే ఎనిమిదేళ్లదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్‌కు వెళ్లాలి. ఒకే ఫ్యాక్టరీలో ఒకే రోజు తయారైన రెండు బళ్లలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఒకదాని కింద తల పెట్టి చూస్తాడు, రెండోదాని మొహం పదిహేనేళ్లదాకా చూడడు. టాక్సీగా తిరిగిన బండి అంటే మనవాళ్లు మొహం చిట్లిస్తారు, బేరం వదిలేసుకుంటారు. కిలోమీటర్ల మాటెలా ఉన్నా, కాస్తో కూస్తో పరీక్షల కాగితాలు ఉండేది ఆ బండికే.

తెల్ల ప్లేటు బండి కొనేటప్పుడు కంపెనీ షోరూం సర్వీస్ రికార్డు అడగాలి, ఇన్సూరెన్స్ క్లెయిములు అడగాలి. మెకానిక్‌ని వెంటబెట్టుకెళ్లి లిఫ్టు మీద పెట్టించాలి. కింది ప్లాస్టిక్ కవర్లు విప్పించి మరీ చూడమనాలి. అది బ్రిటన్ పరీక్షకుడు కూడా చేయని పని. వెనక మూడో వరస బెల్టులు లాగి చూడండి, చాలా ఇళ్లలో అవి సీటు సందుల్లోకి పోయి ఏళ్లయి ఉంటుంది. పదిహేనేళ్లకు దగ్గరపడిన బండైతే రీ-రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా ముందే బేరంలో కలిపేసుకోండి. 2022 ఏప్రిల్లో కారుకు ఆ ఫీజు 600 రూపాయలనుంచి 5,000కు పెరిగింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో దాన్ని 10,000 చేశారు.